పద్దెనిమిది బకెట్ల నెత్తురు

మా బేకరీలో కేకుల మీద గులాబీలు వేసే అక్క ఆరు రోజులు సెలవు అడిగినప్పుడు ఓనరు దగ్గర కారణం దాచలేదు.

"మా మరిది సినిమా రెండో భాగం మొదలుపెడుతున్నాడండీ. పద్దెనిమిది బకెట్ల నెత్తురు కావాలట. నేను కాచి ఇవ్వాలి," అంది. మైదా అయిపోయిందని చెప్పేటప్పుడు కూడా ఆమె గొంతు అట్లాగే ఉంటుంది.

ఓనరు కాసేపు గడ్డం గోక్కుని, "మన గిన్నెల్లో మాత్రం కాచకమ్మా," అన్నాడు.

అప్పటికే రెండు బకెట్లు కాచేసింది. పెద్ద గిన్నె అడుగున మిగిలిన ఎర్ర చారను తోమి వదిలించింది నేనే. నేను ఆ బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తాను. ఆ సినిమాలో నాలుగో పీనుగును కూడా నేనే. కాబట్టి ఇక్కడ చెప్పబోయే వాటిలో సగం నిలబడి చూసినవి, మిగతా సగం నేల మీద వెల్లకిలా పడి, రెప్ప వెయ్యకుండా చూసినవి.

ఆమెకు అప్పుడు యాభై మూడేళ్లు. పొట్టి మనిషి. ఇరవై రెండేళ్లుగా క్రీము గొట్టం పిండి పిండి కుడిచేతి బొటనవేలు కొంచెం బయటికి తిరిగిపోయింది. పుట్టినరోజులకు, పదవీ విరమణలకు, పెళ్లిళ్లకు, ఒకసారి విడాకులకు కూడా గులాబీలు వేసింది. అందరం గులాబక్క అని పిలిచేవాళ్లం. తప్పు పట్టడానికేమీ లేని మనిషి, ఒక్కటి తప్ప: నెత్తురు చూస్తే పడిపోతుంది. కళ్లు తిరగడం, కూర్చోవడం, నీళ్లు అడగడం లాంటి మధ్య మెట్లేమీ ఉండవు. నిలువునా పడిపోతుంది. ఒకసారి బ్రెడ్డు కోసే కత్తి నా వేలికి తగిలి ఒక్క చుక్క బల్ల మీద పడిందో లేదో, ఆమె ఎవరిదో రిటైర్మెంటు కేకు మీద బోర్లా పడింది. ముక్కు, గడ్డం అచ్చు పడ్డాయి. లేచాక మొహం కడుక్కుని, ఆ గుంటల్లో రెండు పెద్ద గులాబీలు వేసి పంపించేసింది. కేకు చాలా బాగుందని వాళ్లు ఫోను చేసి మరీ చెప్పారు.

అట్లాంటి మనిషి నెత్తురు కాయడంలోకి ఎట్లా దిగిందంటే, దానికి కారణం ఆమె మరిదే.

అతనిది పెళ్లి వీడియోలు తీసే పని. ఏళ్ల తరబడి నవ్వుతున్న మొహాలు తీసీ తీసీ విసుగు పుట్టి, జనం ఒకరినొకరు పీక్కుతినే సినిమా ఒకటి రాసుకున్నాడు. పేరు 'కొరుకుడు'. ఒక ఆఫీసులో జబ్బు అంటుకుంటుంది, గుమాస్తాలంతా పీనుగులై లేచి మేనేజరును కొరుకుతారు. అంతే కథ. షూటింగుకు వదిన అన్నం డబ్బా పట్టుకుని వెళ్లేసరికి మేనేజరు ఒంటి నిండా టమాటా సాసు పూసుకుని పడున్నాడు. ఆమె పడిపోలేదు సరికదా, మూతి విరిచింది.

"ఇదేం నెత్తురురా? ఎవరో బన్ను తిని చెయ్యి తుడుచుకున్నట్టుంది."

"అయితే నువ్వు చెయ్యి వదినా."

చేసింది. పంచదార పాకం, మొక్కజొన్న పిండి, ఎర్ర రంగు, కొంచెం కోకో, చిటికెడు నీలం. ఆ నీలంలోనే ఉంది కీలకం. ఎర్రది ఒక్కటే వేస్తే షర్బత్తులా ఉంటుందని, నీలం పడ్డాకే ఒంట్లోంచి వచ్చినట్టు అవుతుందని చెప్పేది. చూస్తే పడిపోయేదానివి, రంగు అంత ఖచ్చితంగా నీకెట్లా తెలుసక్కా అని నేనొకసారి అడిగాను.

"పడిపోయే ముందు ఒక్క క్షణం చాలా బాగా కనపడుతుంది తమ్ముడూ," అంది.

'కొరుకుడు'ను జనం ఫోన్లలో చూశారు. భయపడాల్సిన చోట నవ్వారు, నవ్వాల్సిన చోట ఆపేసి టీ పెట్టుకున్నారు. కానీ నెత్తురు మాత్రం అందరికీ నచ్చింది. రెండో భాగం ఎప్పుడని అడిగినవాళ్లు ఎంతమందో తెలియదు గానీ, మరిదికి మాత్రం అది జనసముద్రం ఘోషలా వినిపించింది. ఈసారి ఆఫీసు కాదు, ఊరు ఊరంతా పీనుగులే అన్నాడు. 'కొరుకుడు-2: శిథిల నగరం' అని పేరు పెట్టాడు. మొదటి భాగంలో అందరూ చచ్చిపోయారు కాబట్టి, చచ్చిన హీరోకి ఇంతవరకూ ఎవరూ ఊసెత్తని కవల తమ్ముడు ఒకడున్నాడని రాసుకున్నాడు.

శిథిల నగరానికి వెతుక్కోవాల్సిన పని లేదు. మా నది అవతల ఒకటి తయారుగా ఉంది. పదకొండేళ్ల కిందట భూమి అదిరి పాత ఊరు ముప్పావు వంతు కూలిపోయింది. ఆ మధ్యాహ్నం నది ఒడ్డున పడవ పందేలు జరుగుతున్నాయి, ఊరంతా అక్కడే ఉంది, అందుకని ఇళ్లు పోయాయి గానీ మనుషులు చాలావరకు మిగిలారు. అందరం ఇటువైపు వచ్చేశాం. అక్కడ ఇప్పటికీ పైకెక్కి ఎక్కడికీ చేరని మెట్లున్నాయి. మంగలి షాపులో అద్దం ఒక్కటే నిలబడి ఉంది. ఒక మేడకు ముందు గోడ ఊడిపోయి, మూడో అంతస్తులో తెల్ల వాష్‌బేసిన్ వీధిలోకి తొంగి చూస్తూ వేలాడుతోంది. కాపలాకు ఒక ముసలాయన ఉన్నాడు. సినిమాలో తనకూ ఒక చావు ఇస్తే లోపలికి వదులుతానన్నాడు. ఆయన అందులో మూడుసార్లు చచ్చాడు, మూడుసార్లూ వేరే వేరే టోపీలతో.

మరిది దగ్గర లైట్లు లేవు. అందుకని భయానక చిత్రం మొత్తం పట్టపగలే తీశాడు. పైగా దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు.

"అందరి దెయ్యాలూ చీకటి పడ్డాకే తిరుగుతాయి వదినా. మనవి ఆఫీసు టైములో తిరుగుతాయి. అదే కొత్తదనం."

హీరో మా వీధి చివర వ్యాయామశాల నడిపే కండల మాస్టారు. అతనికి డైలాగులు గుర్తుండవు, కానీ చొక్కా చించుకోమంటే ఎంతైనా చించుకుంటాడు. గులాబక్క భర్త నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ముప్పై మంది పీనుగులను సాయంత్రం కడిగి ఇళ్లకు పంపాలి కాబట్టి ఆయన్నీ ట్యాంకరుతో సహా లాక్కొచ్చారు. ఆయనకు సినిమాలంటే ఇష్టం లేదు. ట్యాంకరు నీడలో కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఇంట్లో ఒక్కతినీ వదిలెయ్యడం ఎందుకని అత్తగారిని కూడా తీసుకొచ్చారు. ఆవిడకు డెబ్భై తొమ్మిదేళ్లు. మొహాలకు రంగు పూస్తున్న అమ్మాయి ఆవిడను ఒకసారి పరీక్షగా చూసి, "ఈవిడకి ఏమీ వెయ్యక్కర్లేదు," అంది.

దాంతో అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "అందరికీ గొంతు కోసి నాకు కొయ్యకపోతే ఎట్లా? నేనేం పరాయిదాన్నా?" అని కుర్చీలోంచి లేవనంది.

కోడలే పిండి ముద్ద సాగదీసి ఆవిడ మెడకు అతికించి, మధ్యలో చీల్చి, లోపల ఎర్రగా నింపింది. అద్దంలో చూసుకుని అత్తగారు తృప్తిపడ్డారు. మరిది ఆవిడను పీనుగుల గుంపుకు నాయకురాలిని చేశాడు. ఒక్కటే ఇబ్బంది, ఆవిడ నడుస్తూ మాట్లాడేది.

"అమ్మా, పీనుగులు మాట్లాడవు," అని అరిచాడు కెమెరా వెనక నుంచి.

"బతికున్నప్పుడు మీ నాన్న మాట్లాడనిచ్చాడు కాదు. చచ్చాక నువ్వా?" అంది ఆవిడ, చేతులు ముందుకు చాపుకుని నడుస్తూనే.

మొదటి రోజు చీమలతో పోయింది. నెత్తురులో పంచదార ఉందన్న సంగతి సినిమా చూసేవాళ్లకు తెలియకపోవచ్చు గానీ, పదకొండేళ్లుగా తీపి ముట్టని ఆ ఊరి చీమలకు పావుగంటలో తెలిసిపోయింది. కాళ్లీడ్చుకుంటూ నడవాల్సిన పీనుగులు ఉన్నట్టుండి ఎగురుతూ, తొడలు చరుచుకుంటూ పరుగులు తీశాయి. మరిది మురిసిపోయాడు. ఇంత ప్రాణం పెట్టి నటిస్తారనుకోలేదు అన్నాడు. నేను అప్పుడు మంగలి షాపు ముందు చచ్చి పడున్నాను. ఒక చీమల బారు నా చెవి దాకా వచ్చి, ఆగి, లోపలికి పోదామా వద్దా అని ఆలోచించుకుంది. దగ్గరి నుంచి నా మొహాన్నే తీస్తున్నారు. ఆ సినిమాలో నాలుగో పీనుగు కంట్లో ఒక కన్నీటి బొట్టు కనపడుతుంది, అది నటన కాదు.

మర్నాటికి ఆమె నెత్తురులో ఉప్పు, గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి తెచ్చింది. చీమలు రాలేదు. కొరికిన ప్రతివాడి నోట్లోంచీ నురగ వచ్చింది. అది ఇంకా బాగుందన్నాడు మరిది.

ఆ రోజు పేగుల వంతు. కండల మాస్టారి కడుపు చీల్చి పీనుగులు పేగులు లాగాలి. బ్రెడ్డు పిండిని తాళ్లలా పేని, సగం కాల్చి, పాకంలో ముంచి, ఒక నిలువు పొడవున పేగులు తయారుచేసింది గులాబక్క. ముట్టుకుంటే జారేటంత బాగా కుదిరాయి. కెమెరా మొదలైంది, అత్తగారు చెయ్యి పెట్టారు, లాగారు, అంతలో పక్క సందులోంచి మూడు వీధి కుక్కలు వచ్చాయి. ముందున్న గోధుమరంగు కుక్క రెండో చివర అందుకుని పరుగు లంకించుకుంది. కండల మాస్టారు తన పేగుల కోసం తానే, "ఏయ్, ఇవ్వు, ఇవ్వు," అంటూ వీధి చివరిదాకా పరిగెత్తాడు. కెమెరా ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత వేల మంది ఆ ముక్క ఒక్కటే కత్తిరించి ఒకరికొకరు పంపుకున్నారు.

ఇట్లా నవ్వుకుంటూ నాలుగో రోజుకు వచ్చాం.

ఆ రోజు ఎక్కడికీ చేరని మెట్ల దగ్గర షూటింగు. వెనక పీనుగులు తరుముతుంటే మాస్టారు మెట్లెక్కి, చివరి మెట్టు మీద నుంచి అవతలికి దూకాలి. అవతల మూడు పరుపులు వేసి ఉంచారు. చొక్కా లోపల కట్టిన నెత్తురు సంచి దూకగానే పగలాలి. గులాబక్క బకెట్టూ గరిటే పట్టుకుని కెమెరా పక్కన నిలబడింది, ఎక్కడైనా తక్కువైతే పొయ్యడానికి. నేను ఆమెకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆ రోజు నా చావు అయిపోయింది.

మాస్టారు దూకాడు. సంచి పగిలింది. కానీ ఒక జానెడు పక్కకు పడ్డాడు. పరుపు అంచు అవతల, విరిగిన కాంక్రీటు దిమ్మలోంచి ఇనుప చువ్వ ఒకటి పొడుచుకొచ్చి ఉంది. పడుతూ పడుతూ దాని మీదుగా జారాడు. అది మాకెవరికీ కనపడలేదు. కనపడిందల్లా, అతని పంట్లాం తొడ దగ్గర చిరిగి, అక్కడి నుంచి ఎర్రగా తన్నుకొస్తూ ఉండటం.

"అదిరింది," అన్నాడు మరిది. చప్పట్లు కొట్టాడు. అందరం కొట్టాం. నేనూ కొట్టాను.

మాస్టారు కూడా సంబరంగా లేచి కూర్చున్నాడు. తొడ మీద చెయ్యి పెట్టుకుని చూసుకుని, "ఇవాళ వేడిగా ఉందేంటక్కా?" అన్నాడు.

ఆమె బకెట్లు ఎప్పుడూ ట్యాంకరు నీడలో, తడిగుడ్డ కప్పి ఉంచేది. ఆమె నెత్తురు చల్లగా ఉంటుంది. దుమ్ములో పడితే ఉండలు కట్టి నిలుస్తుంది. ఇది పడీపడగానే నేలలోకి ఇంకిపోతోంది.

"అది నాది కాదు," అంది గులాబక్క.

మరిది కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. "ఎవరిదైతేనేం వదినా, బాగుంది. ఉండనీ."

"నేను కాచింది కాదురా అది. వాడిదే."

ఆ మాట మాకు ఎక్కేలోపు బకెట్టు కింద పడేసి పరిగెత్తింది. ఆమె పరిగెత్తగా చూడటం నాకదే మొదలు. నా మనసులో మొదట మెదిలింది, ఇప్పుడు ఈమె కూడా పడిపోతుంది, ఇద్దరిని మోయాలి అని. పడిపోలేదు. మోకాళ్ల మీద కూలబడి, ఏప్రన్ ఊడదీసి ఉండ చుట్టి, గాయం మీద పెట్టి, రెండు చేతులతో తన బరువంతా వేసి నొక్కింది. మొహం మాత్రం పైకెత్తి ఉంది. ఊడిపోయిన గోడలోంచి వేలాడే ఆ వాష్‌బేసిన్ కేసే చూస్తోంది. కిందికి చూస్తే అయిపోతానని తెలుసు తమ్ముడూ, అందుకని దాని పంపు మీద ఏ కంపెనీ పేరుందో చదువుదామని చూశాను అని తర్వాత చెప్పింది. అంత దూరం నుంచి ఎవరికీ కనపడదు. కనపడకపోవడమే మంచిదైంది, చూస్తూ ఉండిపోయింది.

మాస్టారికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక లేచి పారిపోవాలని చూశాడు. అంత కండ ఉన్న మనిషి కాళ్లు ఆడిస్తే పొట్టి మనిషి ఎట్లా ఆపుతుంది?

"అత్తయ్యా, వీడి మీద కూర్చోండి," అంది ఆమె బేసిన్ కేసి చూస్తూనే.

అత్తగారు మారుమాట్లాడకుండా వచ్చి, కోసిన గొంతుతో, నురగ కారే నోటితో, అతని గుండెల మీద కూర్చున్నారు. "కదిలావంటే కొరుకుతాను," అన్నారు. అతను కదల్లేదు.

"ఏవండీ," అని కేక వేసింది ఆమె. ట్యాంకరాయన అప్పటికే పేపరు మడిచి ఇంజను ఆన్ చేశాడు. నీళ్లు నిండుగా ఉంటే బండి జోరందుకోదని వెనక తూము తెరిచేశాడు. ట్యాంకరు పోతున్న దారంతా నాలుగు రోజుల నెత్తురు కొట్టుకుపోయి వీధి ఎర్రటి కాలవ అయింది. ముందు సీట్లో మాస్టారిని పడుకోబెట్టాం. గులాబక్క చేతులు తియ్యకుండా అతని కాళ్ల మధ్య ఇరుక్కుంది. అత్తగారు దిగనన్నారు. నేను తలుపు కమ్మీ పట్టుకుని బయట వేలాడాను, తలకు గొడ్డలి దిగిన మేకప్పుతోనే. నదికి కట్టిన వంతెన మీద రోజూ అరగంట ఇరుక్కుంటాం. ఆ రోజు మాకు దారి ఇవ్వని బండి లేదు.

ఆసుపత్రిలో అసలు గొడవ మొదలైంది. నలుగురం నెత్తుటి ముద్దల్లా లోపలికి పోయేసరికి పెద్ద నర్సు ఒకావిడ పరిగెత్తుకొచ్చి, ఎవరు ఎక్కువ పోయేలా ఉన్నారో ఒక్క చూపులో తేల్చుకుంది. అత్తగారిని ఎత్తి స్ట్రెచరు మీద పడుకోబెట్టింది.

"నాకేం కాలేదమ్మా," అన్నారు అత్తగారు.

"మాట్లాడకండి, గొంతు తెగింది," అంది నర్సు.

"ఇక్కడా అదే మాటా?" అని అత్తగారు లేచి కూర్చుని, గొంతులోంచి పిండి ముక్క పీకి ఆవిడ చేతిలో పెట్టారు. ఆ నర్సు ఎన్ని చూసిందో గానీ, అది మాత్రం చూసినట్టు లేదు. ఇంకో నర్సు నా తలలో గొడ్డలి ఎంత లోతుకు దిగిందో వేలితో వెతుకుతోంది. అప్పుడు గులాబక్క గొంతు పెంచింది.

"అమ్మా, ఇటు చూడండి. మా ముగ్గురిదీ పంచదార. వీడిదొక్కటే నెత్తురు. తొడ లోపలి వైపు, ఎడమ కాలు. పన్నెండు నిమిషాల నుంచి నొక్కి పట్టుకున్నాను. మీ చెయ్యి వచ్చేదాకా నేను తియ్యను."

పెద్ద నర్సు ఆమె మొహం చూసింది, చెయ్యి చూసింది, డాక్టర్ని కేకేసింది. డాక్టరు వచ్చాడు. ఆమె చేతుల కింద నుంచి వాళ్ల చేతులు దూర్చి, "ఇక మీరు వదలొచ్చు," అన్నాడు.

వదిలింది. లేచి నిలబడి, అప్పుడు మొదటిసారి కిందికి చూసుకుంది. కుడి అరచేతిలో మాస్టారి నెత్తురు, ఎడమ అరచేతిలో తను కాచింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసింది.

"నీలం కొంచెం ఎక్కువేస్తున్నాను," అని, నిలువునా పడిపోయింది.

పడుతూ ట్రాలీ అంచుకు కొట్టుకుంది. కనుబొమ మీద నాలుగు కుట్లు. మాస్టారికి ఇరవై ఆరు. ఇంకో పావుగంట ఆలస్యమైతే కుట్లు వేసే అవసరం ఉండేది కాదన్నాడు డాక్టరు.

మరిది గంట తర్వాత వచ్చాడు. వరండాలో బెంచీ మీద వదిన పక్కన కూర్చున్నాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేను చప్పట్లు కొట్టాను వదినా," అన్నాడు.

"అందరం కొట్టాం."

"అందరూ వేరు, నేను వేరు."

"కొడితే కొట్టావు. ఇంకోసారి దూకమనలేదు కదా."

"అనబోయాను," అన్నాడు. "నువ్వు అరిచేసరికి అదే అనబోతున్నాను. ఈసారి మొహం కెమెరా వైపు పెట్టి దూకమని."

ఆమె అతన్ని తిట్టలేదు, ఓదార్చలేదు. కనుబొమ మీద దూది సర్దుకుంటూ, "సినిమా పూర్తి చేద్దాం. కానీ ఇక నుంచి నేను ముందు నడుస్తాను, కెమెరా నా వెనక రావాలి," అంది.

మూడు వారాల తర్వాత మిగిలిన రెండు రోజులూ తీశారు. మాస్టారు చేతికర్రతో వచ్చాడు. మొదటి సగంలో రెండు కాళ్ల మీద పరిగెత్తినవాడు రెండో సగంలో కుంటుతుంటే కారణం ఏమిటని కథలో ఎవరూ అడగలేదు, పీనుగులకు అట్లాంటివి అక్కర్లేదు. గులాబక్క పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి, బేకరీలో మిగిలిపోయిన గట్టి బన్నులు గోనెసంచి నిండా తీసుకుని, ఆ వీధిలో పొడుచుకొచ్చిన ప్రతి ఇనుప చువ్వకూ ఒక్కో బన్ను గుచ్చింది. నూటికి పైనే ఉంటాయి. మెట్ల మీద, గోడల మీద, గుమ్మాల మీద అంతటా బన్నులే. తీసెయ్యమంటే ఒప్పుకోలేదు, అవి అట్లాగే సినిమాలో ఉండిపోయాయి. తర్వాత ఒక విమర్శకుడు, శిథిల నగరపు తీరని ఆకలికి ఆ బన్నులు ప్రతీకలని రెండు పేజీలు రాశాడు. మరిది ఆ కాగితం ఫ్రేము కట్టించుకున్నాడు.

సినిమా మొదటి ఆట ఒక ఫంక్షను హాల్లో, అద్దె కుర్చీల్లో వేశారు. కోసిన గొంతులకు, పీకిన కళ్లకు జనం గుడ్లప్పగించి కూర్చున్నారు. ఒకావిడ కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుంది. సరిగ్గా మాస్టారు మెట్ల మీద నుంచి దూకి తొడ చీరుకున్న చోట హాలంతా గొల్లున నవ్వింది.

"ఇదొక్కటీ మరీ నీళ్లలా ఉంది, చవకబారుగా," అన్నాడు నా ముందు కూర్చున్నాయన పక్కవాడితో.

మాస్టారు లేచి, కర్ర పక్కన పడేసి, పంట్లాం పైకి లాగి తన ఇరవై ఆరు కుట్లూ అతనికి చూపించాడు. అతను కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసి, మేకప్పు మాత్రం బాగా కుదిరిందన్నాడు.

ఆ తర్వాత ఒక నెలకు పెద్ద నర్సు మా బేకరీకి వచ్చింది. గులాబీలు వేసే ఆవిడ కావాలని అడిగింది. ఏ కేకు, ఎన్ని కిలోలు అని మా ఓనరు పుస్తకం తీశాడు.

"కేకు కాదు. నాకు గాయాలు కావాలి," అంది ఆవిడ.

నర్సు చదువుకునే పిల్లలకు కట్లు కట్టడం నేర్పేది ఆవిడే. వాళ్లు నేర్చుకునేది రబ్బరు చేతుల మీద, రబ్బరు కాళ్ల మీద. నిజమైన గాయం మొదటిసారి ఎదురైతే సగం మంది బిగుసుకుపోతున్నారు. "'మా ముగ్గురిదీ పంచదార' అని మీరన్న మాట నా చెవిలోంచి పోలేదు. ముప్పై ఏళ్ల అనుభవం నాది. మీ అత్తగారి గొంతు చూసి మోసపోయాను. ఆ గొంతు మా పిల్లలకు కావాలి," అంది.

గులాబక్క ఓనరు కేసి చూసింది. ఓనరు గడ్డం గోక్కున్నాడు. "మన గిన్నెల్లో..." అని మొదలుపెట్టి, నర్సు మొహం చూసి, "సరే, కాచుకో," అన్నాడు.

ఇప్పుడు వారంలో నాలుగు రోజులు గులాబీలు, ఒక రోజు గాయాలు. నర్సింగు స్కూల్లో ఆమెకు ఒక బల్ల, ఒక బీరువా ఇచ్చారు. బీరువా తలుపు మీద ఎవరో పిల్లలు "నెత్తురక్క" అని రాస్తే చెరపలేదు. ఈ మధ్య కాలిన గాయాల పాఠం మొదలైంది. అది ఇంకా ఆమెకు లొంగలేదు. నీటి బొబ్బ పైన మెరవాలి, లోపల కదలాలి, చుట్టూ చర్మం ఎర్రగా ఉన్నా మరీ కొట్టొచ్చినట్టు ఉండకూడదు. రకరకాల పాళ్లలో జిలాటిన్ కాచి, ఇంట్లో భర్త ఎడమ చేతి మీద పోసి చూస్తోంది. ఆయన కాదనడు. పేపరు కుడిచేత్తో తిప్పుకుంటాడు.

ఆ బొబ్బల చేత్తోనే పొద్దున ట్యాంకరు తీసుకుని నీళ్లు పొయ్యడానికి పోతాడు. గొట్టం పట్టుకున్న ఆ చెయ్యి చూసి ప్రతి గుమ్మం దగ్గరా ఆడవాళ్లు అయ్యయ్యో అంటారు, ఎట్లా కాలింది అన్నయ్యా అని అడుగుతారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు, మాటలు ఎక్కువ వాడే మనిషీ కాదు.

"మా ఆవిడ చేసింది," అంటాడు. "నిన్నటిది నచ్చలేదట. ఇవాళ మళ్లీ వేస్తానంది."

మొన్న ఇద్దరు ఆడవాళ్లు మా బేకరీకి వచ్చి, బ్రెడ్డు కొనుక్కుని, అద్దాల వెనక గులాబీలు వేస్తున్న ఆమెను కళ్లార్పకుండా చాలాసేపు చూసి వెళ్లారు.